గాజులతో కొలిచిన పొగగొట్టం

"చిన్నమ్మా, చెల్లె చిన్నప్పటి గాజులేమన్న దాచిపెట్టినవా?"

పొద్దున్నే గుమ్మంలో నిలబడి అక్క కూతురు ఇలా అడిగేసరికి నా ఆలోచన ఎక్కడెక్కడికో పోయింది. ఎవరింట్లోనైనా పసిపాపకు ఇరవయ్యొకటో రోజు పండుగా? పెళ్లి సంబంధం మాట నడుస్తున్న పిల్ల... ఏదైనా మొక్కుకుందా? మా అమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి. దాని పసితనపు గాజులు పాత బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. అవెందుకు పారెయ్యలేదంటే నా దగ్గర జవాబు లేదు. మీరూ దాచుకునే ఉంటారు!

"ఎన్ని గావాలె?" అన్నాను డబ్బా దించుతూ.

"ఎన్నుంటే అన్ని."

"ఎవరికే?"

"కారుకు!"

నవ్వులాట అనుకున్నాను. కాదు. డబ్బాలోంచి ఒక గాజు తీసి, జేబులోంచి స్కేలు తీసి కొలిచింది. "బయటి కొలత పైపు కన్న జరంత ఎక్కువున్నది. మంచిదే" అని తనలో తనే అనుకుంది. 'రెండూ నాలుగు', 'రెండూ ఆరు' అని గాజుల కొట్టులో అడుగుతుంటాం కదా! ఆ లెక్క ఏమిటో ముప్ఫై ఎనిమిదేళ్లు వచ్చినా నాకు తెలీదు. ఈ పిల్ల చెప్పింది. మొదటి అంకె అంగుళాలు, రెండోది అంగుళంలో పదహారో వంతులు. మా అమ్మాయి గాజులు 'ఒకటీ పది'. అంటే లోపలి వెడల్పు అంగుళం మీద పదహారింట పది వంతులు, 41 మిల్లీమీటర్ల చిల్లర.

ఆ గాజులు ఏ కారుకు, ఎందుకు అన్నదే ఈ కథ. కథలు రాసే అలవాటు కొద్దీ కథ అన్నానుగానీ, ఇది జరిగిన సంగతే.

మూడు గదుల ఇంట్లో నలుగురు

మా తమ్ముడికి జనగామలో, హైదరాబాదు రోడ్డు మీద చిన్న షెడ్డు ఉంది. లేత్ మిషను, వెల్డింగు, ఇంజను పని. ట్రాక్టర్లు, ఆటోలు, బోరుబండ్ల విడిభాగాలు వస్తుంటాయి. మహబూబాబాద్‌లో ఉండే మా అక్క కూతురు పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, "మామ షెడ్డుల ఆర్నెల్లు పని నేర్చుకుంట" అని మా ఇంట్లో దిగింది. మానుకోట మిర్చి యార్డులో గుమస్తాగా చేసే మా బావకు అది ససేమిరా ఇష్టం లేదు. "ఆడపిల్ల గ్రీసు చేతులేసుకుని తిరిగితే నలుగురేమంటరు?" అని ఆయన బాధ. నేను అడ్డుపడి, నా పూచీ మీద తెచ్చుకున్నాను.

ఆ రోజుల్లోనే హైదరాబాదు నుంచి ఒక కుర్రాడు పాత మారుతి 800ను లారీ మీద ఎక్కించుకుని తెచ్చాడు. మనందరికీ తెలిసిన బండే. 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా తయారై, మన మధ్యతరగతి ఇళ్ల ముందు తొలి కారుగా నిలబడింది. దాని ఇంజనులో మూడు సిలిండర్లు, 796 సీసీ. ఆ కుర్రాడు దాన్ని తీసేసి, ఎస్టీమ్ కారులోని నాలుగు సిలిండర్ల, 1298 సీసీ ఇంజను పెట్టించుకున్నాడు. దానికి టర్బో బిగించాలట!

ఎందుకయ్యా అంటే, డ్రాగ్ రేసు కోసం. మలుపుల్లేని తిన్నని దారిలో పావుమైలు, అంటే 402 మీటర్లు, ఎవరు ముందు దాటితే వారిది గెలుపు. మన దేశంలో లోనావాలా దగ్గరి ఆంబీ వ్యాలీలాంటి చోట్ల విమానాల రన్‌వే మీద ఇలాంటి పోటీలు జరిగాయి. పది పదిహేను సెకన్ల పందెం కోసం నెలల తరబడి పని. పులిహోర కలపడానికి పూటంతా పడితే తినడానికి అయిదు నిమిషాలు... మనకు ఇది కొత్త కాదు లెండి!

నలుగురి పొగ, ఒకే దారి

నేను చదివింది బి.ఏ. ఇంజను మూత తెరిస్తే ఏది ఏమిటో తెలీదు. రాత్రి భోజనాల దగ్గర పిల్ల చెబితే అర్థమైనంత మీకూ చెబుతాను.

పొయ్యిలోకి ఊదురుగొట్టంతో ఊదితే మంట లేస్తుంది కదా! ఇంజనులోకి గాలిని ఒత్తి పంపితే ఎక్కువ పెట్రోలు కాల్చవచ్చు, బలం పెరుగుతుంది. ఆ ఊదే పని టర్బోది. మరి ఊదేదెవరు? ఇంజను వదిలేసే పొగే! భూపాలపల్లి దగ్గర చెల్పూరు కరెంటు కేంద్రంలో ఆవిరి చక్రాన్ని తిప్పినట్టు, ఇక్కడ వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అవతలి కొసన ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని పీల్చి ఇంజనులోకి తోస్తుంది. నిమిషానికి లక్ష చుట్ల పైమాటే. పారేసే దాంతో పని చేయించుకునే ఈ ఉపాయానికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషీ 1905లోనే పేటెంటు తీసుకున్నాడట.

ఇక ఇంజను నాలుగు రంధ్రాల నుంచి వచ్చే పొగను కూడగట్టి టర్బో నోట్లో పోసే గొట్టాల గుత్తి ఉంటుంది. దాని పేరు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. కొత్త కారయితే కంపెనీవాళ్లు పోతపోసి ఇస్తారు. కానీ మూడు గదుల ఇంట్లోకి నలుగురు వచ్చి చేరినట్టు, ఈ బండిలోకి పరాయి ఇంజను వచ్చింది. దానికీ ముందున్న రేడియేటరుకీ మధ్య జానెడు చోటు లేదు. అందులోనే టర్బో పట్టాలి, గొట్టాలు పట్టాలి. బజార్లో దొరికేది ఏదీ సరిపోదు. సొంతంగా గీసుకుని చేసుకోవాల్సిందే.

మొదటిది పగిలింది

మొదటి మానిఫోల్డు మా తమ్ముడే చేశాడు. ఒక లావుపాటి ఇనుప గొట్టం, దానికి నాలుగు రంధ్రాలు, నాలుగు పొట్టి ముక్కలు. దీన్ని 'లాగ్' రకం అంటారు. చెయ్యడం సులువు, చోటు తక్కువ. తప్పు రకమేం కాదు, కంపెనీ బండ్లలో చాలావాటికి ఇలాంటిదే ఉంటుంది. కానీ తమ్ముడు తొందరలో సైలెన్సరు గొట్టం వాడాడు. మందం మిల్లీమీటరున్నరే. పైగా టర్బో బరువు ఆగడానికని ఒక ఇనుప పట్టీ వేసి దాన్ని కారు బాడీకి బిగించేశాడు. గట్టిగా ఉంటే పగలదనుకున్నాడు పాపం!

మూడో రోజు ఇంజను రేజ్ చేసి చూస్తుండగా అతుకు దగ్గర చీలింది. ఆ చీలికలోంచి వచ్చిన నిప్పులాంటి పొగ ఎదురుగా ఉన్న రేడియేటరు రబ్బరు గొట్టాన్ని కాల్చింది. గొట్టం పగిలి మరిగే నీళ్లు తమ్ముడి ముంజేతి మీద పడ్డాయి.

నేను వెళ్లేసరికి ఎవరో టూత్‌పేస్టు పట్టుకుని నిలబడ్డారు, పూద్దామని. మా పిల్ల మాత్రం మామను కుళాయి కిందికి లాక్కెళ్లి, "ఇరవై నిమిషాలు. చెయ్యి తియ్యద్దు" అని గడియారం చూస్తూ నిలబడింది. డాక్టరు కూడా అదే మంచి పని అన్నాడు. కాలినచోట పేస్టు, సిరా, వెన్న పూయకూడదు. చల్లని ధారకింద ఇరవై నిమిషాలు... వంటింట్లో మనకూ పనికొచ్చే మాట.

సంగతి మానుకోటకు చేరనే చేరింది. సాయంత్రానికి బావ ఫోను. "నీ పూచీ మీద పంపిన. చెయ్యి గాలింది మామది. రేపు పిల్లదైతే? సంబంధమోళ్లు అడుగుతున్నరు, షెడ్డుల పని చేస్తదట గదా అని. ఇగ పంపియ్యి."

పిల్ల నా చేతిలో ఫోను అందుకుంది. "బాపూ, అది ఎందుకు పగిలిందో నాకు తెలుసు. ఒక్కసారి నేను చేస్త. అదిగూడ పగిలితే వస్త" అంది. ఆయన ఏమీ అనకుండా ఫోను పెట్టేశాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్లకు తెలుసు సరే, నిజంగా తెలుసా?

భూపాలపల్లిలో పాఠం

మా వారి అన్నగారు భూపాలపల్లిలో ఉంటారు. బొగ్గు గనుల వర్క్‌షాపులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం పిల్లను వెంటబెట్టుకుని హన్మకొండ, పరకాల మీదుగా బస్సులో వెళ్లాను. పగిలిన ముక్కను పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాం. కండక్టరు పెరుమాళ్ల విగ్రహమేమో అన్నట్టు చూశాడు!

బావగారు కళ్లద్దాలు పెట్టుకుని పగులు మీద వేలు పెట్టి, "దీన్ని ఎవరు కట్టేసిండ్రు?" అన్నారు. పగిలిందెందుకని కాదు, కట్టేసిందెవరని!

"ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూసుంటది. ఊగుతది. కారు బాడీ ఊగదు. నడుమ పట్టీ వేసి రెంటినీ కలిపికడితే, ఊపంతా ఈ అతుకు మీదనే వడ్తది. టర్బో బరువు మోసే పట్టీ ఇంజనుకే ఉండాలె. అంతా కలిసి ఊగాలె."

అసలు పాఠం ఆ తర్వాత చెప్పారు. లోహం వేడికి సాగుతుంది. పెట్రోలు ఇంజను బాగా ఒత్తిడి మీద ఉంటే ఆ పొగ ఎనిమిది తొమ్మిది వందల డిగ్రీల దాకా పోతుంది, గొట్టం చీకట్లో ఎర్రగా కనిపిస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం 40 సెంటీమీటర్లది తీసుకుని ఏడు వందల డిగ్రీలు వేడి చేస్తే సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుందని పిల్ల అక్కడే లెక్కకట్టింది. పోత ఇనుముకన్నా ఇది ఒకటిన్నర రెట్లు ఎక్కువ సాగుతుందట. సాగే దారి లేకపోతే అదే దారి చేసుకుంటుంది. దాన్నే మనం పగులు అంటాం.

"పెద్ద డీజిలు ఇంజన్లకు మానిఫోల్డు ఒక్క ముక్కగ ఉండదు బిడ్డా. రెండు మూడు ముక్కలుంటయ్. ఒకదాంట్ల ఒకటి జొరవడి జారేటట్టు చేస్తరు. వేడికి లోపటికి జరుగుతది, చల్లారితే ఎనకకొస్తది. బిగియ్యడం అందరికీ వచ్చు. ఎక్కడ ఇడిసిపెట్టాలెనో తెలిసినోడే మిస్త్రీ."

మా వదినగారు పెట్టిన జొన్నరొట్టె తింటూ ఆ మాట విన్నాను. పాత రైలు పట్టాల మధ్య సందు విడిచేది కూడా ఇందుకేగా! చిన్నప్పుడు కాజీపేట స్టేషనులో ఆ సందుల్లో కంకరరాళ్లు పెట్టి దెబ్బలు తిన్నదాన్ని, నాకూ అర్థమైంది.

నా డైనింగ్ టేబులు మీద

తిరిగొచ్చిన మర్నాడే గాజులడిగింది పిల్ల. లావుపాటి అల్యూమినియం తీగ తెచ్చి, ఇంజను రంధ్రం దగ్గర నుంచి టర్బో నోటిదాకా గొట్టం ఎలా వంకర తిరగాలో అలా వంచింది. దానికి రెండు సెంటీమీటర్లకొక గాజు చొప్పున దండలా గుచ్చి బంకమట్టితో నిలబెట్టింది. తీగ పొడవే గొట్టం పొడవు, గాజుల వరసే గొట్టం ఆకారం. నాలుగు గొట్టాలకు ఎనభై గాజులు కావాలి. మా దగ్గర మూడు డజన్లే! మిగతావి కొనడానికి నేనే గాజుల కొట్టుకు పోయాను. "ఒకటీ పది, నాలుగు డజన్లా? ఎంతమంది పిల్లలమ్మా?" అన్నాడు కొట్టతను.

గాజుల దండలు ఎందుకంటే, ఎక్కడ గొట్టం రేడియేటరుకు తగులుతుందో, ఎక్కడ బోల్టు బిగించడానికి పానా పట్టదో, ఎక్కడ ఒక గొట్టం ఇంకోదానికి అడ్డమొస్తుందో ఇనుము కొయ్యకముందే తెలిసిపోతుంది. తప్పయితే తీగ వంచుకోవచ్చు, పైపు వంచలేం కదా! పైపుకన్నా గాజు కొంచెం పెద్దది కాబట్టి చేతికి కాస్త ఖాళీ కూడా మిగులుతుంది.

మరి నాలుగు గొట్టాలు విడివిడిగా ఎందుకు? 'లాగ్' లాగా ఒకటే పెట్టచ్చుగా అని అడిగాను. పిల్ల నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. అపార్టుమెంటులో నాలుగిళ్ల మురుగునీటికి ఒకటే గొట్టం ఉందనుకోండి. పండుగనాడు అందరూ ఒకేసారి నీళ్లు వదిలితే ఏమవుతుంది? పక్కింటి నీళ్లు మన స్నానాల గదిలోకి తన్నుకొస్తాయి. ఇంజనులో సిలిండర్లు 1-3-4-2 వరసలో పేలుతాయి. చూడండి, మూడు తర్వాత నాలుగు, రెండు తర్వాత ఒకటి... పక్కపక్క ఇళ్లే వెంటవెంటనే వదులుతున్నాయి! ఇంజను నిమిషానికి ఆరువేల చుట్లు తిరిగితే సెకనుకు రెండు వందల పొగ దెబ్బలు. ఒకదాని తలుపు మూతపడక ముందే పక్కదాని పొగ వెనక్కి తన్నుతుంది. ఒక్కోదానికి సొంత గొట్టం వేసి, పొడవులు దాదాపు సమానంగా ఉంచి, చివర వాలుగా కలిపితే నాలుగు దెబ్బలూ వరసగా వచ్చి చక్రాన్ని తడతాయి.

అలాగని మరీ పొడవు చేస్తే వేడి దారిలోనే చల్లారి చక్రానికి బలం చాలదు, ఎక్కువ సాగి ఎక్కువ పగుళ్లకు చోటిస్తుంది, పైగా పట్టదు. మరీ లావయితే పొగ వేగం పడిపోతుంది. "అన్నీ కావాలంటే ఏదీ రాదు చిన్నమ్మా" అంది. చివరకు ఒకటింపావు అంగుళం షెడ్యూల్ 10 స్టెయిన్‌లెస్ పైపు ఎంచుకుంది. బయటి కొలత 42 మిల్లీమీటర్లు, మందం దాదాపు 2.8. నాలుగు గొట్టాలూ అచ్చంగా సమానం కావు, మూడు సెంటీమీటర్ల తేడా ఉంచుకుంది. చోటు కోసం అక్కడ తగ్గింది.

ఇంకో రెండు సంగతులు నాకు బాగా నచ్చాయి. ఒకటి, 'వేస్ట్‌గేట్'. కుక్కరు మీద వెయిట్ ఎలాగో ఇది అలాగ. గాలి ఒత్తిడి హద్దు దాటబోతే పొగను చక్రం మీదికి పోనివ్వకుండా పక్కదారి పట్టిస్తుంది. నాలుగు గొట్టాలూ కలిసిన తర్వాతే దాన్ని పెట్టాలి, పొగ పోయే దిశలో వాలుగా పెట్టాలి. అడ్డంగా అతికిస్తే పొగ ఆ మలుపు తిరగదు, ఒత్తిడి ఆగదు. రెండోది నూనె. టర్బోలో తిరిగే నూనె కిందికి తనంతట తనే జారి ఇంజనులో పడాలి. అందుకని టర్బో ఎత్తులో ఉండాలి, నూనె గొట్టం వాలు ఎక్కడా ఎదురెక్కకూడదు. వంటింటి సింకు పైపుకు వాలు చాలక నానా తిప్పలూ పడినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు!

నిప్పుతో పని

అతుకులు వేయడానికి బావగారే జనగామ వచ్చి వారం ఉన్నారు. మనవాళ్లు ఆర్గాన్ వెల్డింగు అంటారే, అది. గొట్టం బయటే కాదు, లోపల కూడా ఆర్గాన్ వాయువు నింపి అతికించాలట. లేకపోతే లోపలి అతుకు మాడిన బెల్లం పాకంలా గరుకు గడ్డలు కడుతుంది. ఆ గడ్డ ఎప్పుడో ఊడి లక్ష చుట్లు తిరిగే చక్రానికి తగిలితే చక్రం ముక్కలే. ఆర్గాన్‌కు వాసన ఉండదు, గాలికన్నా బరువు. తలుపులు మూసిన గదిలో పేరుకుంటే ఊపిరాడదు. స్టెయిన్‌లెస్ పొగ కూడా ఊపిరితిత్తులకు చేటు. అందుకని తలుపులు బార్లా తెరిచి, పంకా పెట్టి, మాస్కు కట్టుకుని పని. బావగారు ఇందులో ఎవర్నీ ఉపేక్షించలేదు.

ముందు అన్నిటినీ చుక్కలు చుక్కలుగా అంటించి, పాత సిలిండరు హెడ్డుకు బోల్టులతో బిగించి, ఆ తర్వాత ఒకటో గొట్టం కొంచెం, నాలుగోది కొంచెం, రెండోది కొంచెం అని తిప్పి తిప్పి అతికించారు. ఒకేచోట వేస్తే ఆ వేడికి మొత్తం వంకరపోతుంది. చల్లారాక ఇంజనుకు ఆనే 12 మిల్లీమీటర్ల పలకను వరంగల్ పంపి నున్నగా మిల్లింగు చేయించారు. చివరికి పిల్ల రంపం తీసుకుని ఆ పలకను రెండో రంధ్రానికీ మూడో రంధ్రానికీ నడుమ కోసేసింది!

నా గుండె ఝల్లుమంది. ఇంత కష్టపడి అతికించి కొయ్యడమేమిటి?

"సాగెటందుకు సందు చిన్నమ్మా. పెద్దబాపు చెప్పలే?"

పెంబర్తి ఇత్తడి పని చేసే పెద్దాయన ఒకరు షెడ్డుకు పనిమీద వచ్చి, ఇది చూసి నవ్వారు. కాకతీయుల నాటి నుంచి మన జనగామ పక్కన రేకును కొట్టి దేవుళ్లను చేస్తున్న విద్య వారిది. "మేమూ అంతేనమ్మా. కొట్టుడు కొట్టుడుకు రేకు బిగుసుకుంటది. నడుమ నడుమ కాల్చి మెత్తగ చెయ్యాలె. లేకుంటె పగుల్తది" అన్నారు.

ముందు నడిచిన వాళ్లు

ఆడపిల్లకు ఇదేం పని అన్న మాట ఆ వారంలో పదిసార్లు విన్నాను. ప్రతిసారీ నాకు అయ్యలసోమయాజుల లలిత గుర్తొచ్చింది. 1919లో మద్రాసులో ఒక తెలుగింట పుట్టిన ఆమెకు పదిహేనేళ్లకు పెళ్లి, పద్దెనిమిదేళ్లకు వైధవ్యం, ఒళ్లో నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. ఆయన ప్రోత్సాహంతో 1940లో అక్కడే చేరి ఎలక్ట్రికల్ ఇంజనీరయింది. భాక్రానంగల్ ప్రాజెక్టు పనుల్లో పాలుపంచుకుంది. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల తొలి అంతర్జాతీయ సభకు వెళ్లింది.

ఇంగ్లండులో బియాట్రిస్ షిల్లింగ్ అని ఒకావిడ 1934లో బ్రూక్‌లాండ్స్ ట్రాకు మీద మోటారుసైకిలును గంటకు నూరు మైళ్లకు పైగా నడిపి బంగారు నక్షత్రం అందుకుంది. రెండో ప్రపంచయుద్ధంలో మెర్లిన్ ఇంజన్ల యుద్ధవిమానాలు ముక్కు కిందికి వంచగానే ఇంజను ఆగిపోతుంటే, పెట్రోలు దారిలో బిగించే ఒక చిల్లుబిళ్లతో ఆ బెడద తగ్గించింది. ఇక డ్రాగ్ రేసు సంగతికొస్తే, అమెరికాలో షర్లీ మల్డౌనీ 1973లో 'టాప్ ఫ్యూయల్' బండ్లు నడిపే లైసెన్సు తెచ్చుకున్న తొలి మహిళ. 1977, 1980, 1982ల్లో విజేత.

ఇవన్నీ బావకు చెప్పాలనుకున్నాను. కానీ ఆయన భయం ఇంగ్లండు గురించి కాదు, పిల్ల చెయ్యి గురించి. అది చెబితే పోయే భయం కాదు.

రోడ్డు మీద మాత్రం కాదు

ఒక్క మాట ఇక్కడ చెప్పకపోతే తప్పవుతుంది. ఈ కారు రోడ్డు మీదికి రాదు. లారీ మీదే వచ్చింది, లారీ మీదే పోతుంది. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను సారాంశమూ అదే. 800 బ్రేకులు పాత చిన్న ఇంజను వేగానికి సరిపడేలా చేసినవి. బలం పెంచితే బ్రేకులూ మార్చాలి, సీటుబెల్టూ మార్చాలి, హెల్మెట్టు, మంటలార్పే సిలిండరు ఉండాలి. పోటీకైతే ఇవన్నీ తనిఖీ చేసి గానీ లోపలికి రానివ్వరు. నడిబజారులో ఎవరు తనిఖీ చేస్తారు? మీ ఇంట్లో కుర్రాడు బైకు సైలెన్సరు మార్పిస్తానంటే, ముందు ఈ ముక్క చెప్పండి.

తెల్లపొడి మీద ఎర్రగీత

పరీక్ష హైదరాబాదులో. కారు చక్రాలను రోలర్ల మీద తిప్పి బలం కొలిచే చోటు. నేనూ వెళ్లాను. పూచీ ఉన్నదాన్ని కదా!

దీపాలు తగ్గించి ఇంజను పూర్తి ఒత్తిడి మీద నడిపారు. నాలుగు గొట్టాలూ మొదట గోధుమరంగు తిరిగి, ఆపైన కుంకుమరంగు ఎక్కాయి. చెవులు మూసుకున్నా ఒళ్లంతా అదిరింది. కుర్రాడి చూపంతా కంప్యూటరు తెర మీద, ఎంత బలం వచ్చిందా అని. మా పిల్ల చూపు గొట్టాల మీంచి మరలలేదు. నడపడం, చల్లారనివ్వడం, మళ్లీ నడపడం... అలా పన్నెండుసార్లు.

పూర్తిగా చల్లారాక మానిఫోల్డు ఊడదీశారు. బావగారు ఇచ్చిన ఎర్ర రంగుమందును అతుకుల మీద చల్లి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, పైన తెల్లపొడి చల్లింది పిల్ల. కంటికి కనిపించని పగులున్నా అందులో దాగిన ఎర్రరంగు పైకి ఊరి, ముగ్గు మీద కుంకుమ గీతలా కనిపిస్తుందట. పది నిమిషాలు ఆగాలి.

ఆ పది నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. తమ్ముడు మానుతున్న ముంజేతిని రెండో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

మూడో గొట్టం మొదట్లో ఒక చిన్న ఎర్రచుక్క తేలింది. నా ప్రాణం పోయింది. పిల్ల భూతద్దం పెట్టి చూసి, ఆకురాయితో రెండుసార్లు గీసి మళ్లీ చల్లింది. పైపైన సూదిమొనంత గుంట, పగులు కాదు. ఈసారి అంతా తెలుపే.

నా ఫోను మోగింది. అక్క. మామూలుగా అయితే "తిన్నరా?" అని మొదలుపెడుతుంది. ఈ పని గురించి ఆర్నెల్లలో ఒక్కసారైనా అడిగింది లేదు.

"పగిలిందా?" అంది.

"లేదక్కా."

అటునుంచి కాసేపు మాట లేదు. పక్కన బావ దగ్గిన చప్పుడు వినిపించింది. తర్వాత అక్కే అంది. "మీ బావ ఆ ఈసెట్‌కు ఆఖరు తారీఖు ఎప్పుడో కనుక్కొమ్మంటుండు. డిప్లొమా అయినోళ్లు రెండో ఏడు బీటెక్‌ల చేరచ్చట గదా?"

"చేరచ్చు. ఆడపిల్లలకు 'ప్రగతి' అని స్కాలర్‌షిప్పు కూడా ఉంది. ఏడాదికి యాభైవేలు. ఇంటి ఆదాయం ఎనిమిది లక్షల లోపుండాలి."

"సంబంధమోళ్లకు ఇంక ఏం చెప్పలే. సూద్దాం..." అని ఆగి, "సరే, పిల్లను అన్నం తినమను" అంది.

పిల్లకు ఆకలి గుర్తున్నట్టు లేదు. చీలిక పెట్టిన పలక సందులోకి సన్నటి రేకు ముక్కలు దూర్చి కొలుస్తూ ఉంది, ఎంత సాగి ఎంత వెనక్కొచ్చిందా అని.

గాజులు తిరిగిచ్చింది. డబ్బాలో పోసి పైన పెట్టాను. మూడు డజన్ల చోట ఇప్పుడు ఏడు డజన్లు!